పాదిరి అనే మాట మనదాకా ఎలా వచ్చింది? లాటిన్, స్పానిష్, పోర్చుగీసు దారుల గురించి చర్చ

రాత్రి డెస్క్ · సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. ఈ సాయంత్రం జిల్లా నుంచి వచ్చిన ఒక వార్తలో విలేకరి 'చర్చి పాదిరి' అని రాశాడు. చదివితే అది ఊరి చివర ఉన్న పెంతెకోస్తు ప్రార్థనా మందిరం. అక్కడివాళ్లు ఆయన్ని పాస్టర్ గారు అంటారు. పాదిరి తీసేసి పాస్టర్ అని పెట్టాను. మా సీనియర్ ఒకాయన "రెండూ ఒకటేగా, ఎందుకు మార్చావు?" అన్నారు. పేజీ వదలాల్సిన టెన్షన్‌లో మాట అక్కడితో ఆగింది గానీ, ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన.

ఒక చోట చూస్తే పాదిరి లాటిన్ మాట అని ఉంది. ఇంకో చోట స్పానిష్. మరో చోట పోర్చుగీసు. ముగ్గురూ ఒకే మాట మీద హక్కు చెప్పుకుంటున్నారంటే వెనక పెద్ద కథే ఉండాలి. తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి. ఇది శీర్షికల్లో రోజూ వాడే మాట. తెలుసుకుని వాడితే మంచిదని నా ఉద్దేశం.

పదాల వేట · మంగళవారం, ఉదయం 6:15

మంచి ప్రశ్న. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఒక్కొక్కరు దారిలో ఒక్కో మజిలీ దగ్గర ఆగిపోయారంతే.

లాటిన్‌లో తండ్రిని పాతెర్ అంటారు. దాని ద్వితీయా విభక్తి రూపం పాత్రెమ్. లాటిన్ నుంచి పుట్టిన భాషలు చాలా మాటల్ని ఈ ద్వితీయా రూపం నుంచే తీసుకున్నాయి. చివరి 'మ్' రాలిపోయింది, మధ్యలో 'త్ర' మెత్తబడి 'ద్ర' అయింది. అలా పాద్రె. స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్ మూడింట్లోనూ ఇదే రూపం. ఫ్రెంచివాళ్ల నోట్లో మధ్య హల్లు పూర్తిగా మాయమై పేర్ అయింది. జర్మన్లు, డచ్చివాళ్లు మాత్రం మఠవాసి గురువుని పిలవడానికి లాటిన్ రూపాన్నే ఉంచుకుని పాతెర్ అంటారు.

ఇంగ్లీషు ఫాదర్ దీని నుంచి రాలేదు. అది జర్మానిక్ శాఖది. ఆ శాఖలో పాత 'ప' కారం 'ఫ' అయింది. మన పితృ శబ్దం, లాటిన్ పాతెర్, ఇంగ్లీషు ఫాదర్ మూడూ ఒకే మూలం నుంచి విడిపోయినవి. కాబట్టి మన ఊళ్లల్లో పాదిరిగారు అన్నా ఫాదర్ గారు అన్నా, ఒకే మాట రెండు దారుల్లో వచ్చి మళ్లీ ఒకే మనిషి ముందు నిలబడింది. ఆ రెండు దారులకీ మధ్య ఎడం మాత్రం వేల ఏళ్లది.

ఇలాంటి జంటలు తెలుగులో ఇంకా ఉన్నాయి. లాటిన్ మగిస్తెర్ పోర్చుగీసులో మెస్త్రె అయి మనకు మేస్త్రీగా వచ్చింది. అదే ఇంగ్లీషులో మాస్టర్ అయి మాష్టారుగా వచ్చింది. ఇల్లు కట్టే ఆయన, చదువు చెప్పే ఆయన ఒకే పదానికి వారసులు.

గుణదల వాసి · మంగళవారం, ఉదయం 8:02

నేను పుట్టు కతోలికుణ్ణి, గుణదల కొండ కిందే పెరిగాను. లోపలివాళ్లం ఏమంటామో చెబుతాను.

మేము పాదిరి అనం. ఎదురుగా ఉంటే ఫాదర్ గారు. ప్రకటనల్లో, పెళ్లి శుభలేఖల్లో గురువులు, విచారణ గురువులు. విచారణ అంటే పారిష్, ఒక చర్చి పరిధి అన్నమాట, పోలీసు విచారణ కాదు. బిషప్ గారిని పాతవాళ్లు మేత్రాణులు అంటారు, కాగితం మీద పీఠాధిపతి. పూజ, సత్ప్రసాదం, మఠకన్యలు, ఇదంతా మా ఇంటి భాష. పాదిరి అనేది బయటివాళ్లు మా గురించి మాట్లాడుకునేటప్పుడు వినపడే మాట. మా నానమ్మ తరంలో పాదిరి దొర అనేవాళ్లట, అదీ తెల్లవాళ్లయిన గురువుల్ని. గుణదలలో 1924లో మరియమాత విగ్రహం పెట్టించిన అర్లాటి గారు ఇటలీ ఆయన. అలాంటివాళ్ల కాలం అది.

అందుకే పత్రికలో 'పాదిరి' అని చదివితే నాకు కోపం రాదు గానీ, రాసినాయన గుమ్మం బయటే నిలబడి రాశాడని అర్థమైపోతుంది.

దవావో డాక్టర్ · మంగళవారం, ఉదయం 9:30

నేను ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివాను. మన తెలుగు పిల్లలు ఎంతోమంది వెళ్లే దవావోలోనే. అక్కడి సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది.

అక్కడ క్రైస్తవ గురువుని పరి అంటారు. స్పానిష్ పాద్రెలో 'ద' జారిపోతే మిగిలేది అదే. ఎదురుగా పిలిచేటప్పుడు ఫాదర్ అనీ పాద్రె అనీ రెండూ వినిపిస్తాయి. స్పెయిన్‌వాళ్లు 1565లో సెబూలో దిగారు, 1571లో మనీలాని రాజధాని చేసుకున్నారు. మూడు వందల ఏళ్లకు పైగా ఉన్నారు కాబట్టి ఒక్క పాద్రె మాత్రమే కాదు, చర్చి మెట్లన్నీ వాళ్ల మాటలతోనే ఉన్నాయి. విచారణ గురువుని కురా అంటారు, అది లాటిన్ కూరా నుంచి, అంటే బాగోగులు చూసుకోవడం. మఠవాసిని ప్రాయ్లే అంటారు, స్పానిష్ ఫ్రాయ్లె, లాటిన్ ఫ్రాతెర్, అంటే సోదరుడు. ఒకటి తండ్రి, ఒకటి సోదరుడు, ఒకటి సంరక్షణ.

ఈ తేడాలు అక్కడ ప్రాణాల మీదికి తెచ్చాయి. విచారణలు ఎవరి చేతిలో ఉండాలన్నది పెద్ద గొడవ. స్పెయిన్ నుంచి వచ్చిన మఠవాసులు 'మేం వదలం' అన్నారు, ఆ నేల మీద పుట్టిన సాధారణ గురువులు, అంటే ఏ మఠంలోనూ చేరనివాళ్లు, మాకివ్వాలన్నారు. అలా అడిగినవాళ్లలో ముందు నిలిచిన గోమెజ్, బుర్గోస్, జమోరా అనే ముగ్గురు గురువుల్ని, కవితె అనే చోట సైనికులు చేసిన తిరుగుబాటుతో సంబంధం అంటగట్టి, 1872 ఫిబ్రవరి 17న మనీలాలో బహిరంగంగా ఇనుప పట్టీతో గొంతు బిగించి చంపారు. మూడు పేర్లనూ కలిపి గోంబుర్సా అంటారు. అక్కడి జాతీయ నాయకుడు, రచయిత హోసె రిసాల్ తన రెండో నవలను వాళ్లకే అంకితం ఇచ్చాడు. అక్కడ ప్రాయ్లే అనే మాటలో ఇప్పటికీ చేదు ఉంది, పరి అనే మాటలో లేదు. బిరుదులు నిఘంటువులో పక్కపక్కన ఉన్నా జనం గుండెల్లో వేర్వేరు చోట్ల ఉంటాయి.

ఇంకోటి. అక్కడ కుర్రాళ్లు ఒకరినొకరు పరె, ప్రె అని పిలుచుకుంటారు, మనం 'మామా', 'బావా' అన్నట్టు. అది పాద్రె నుంచి నేరుగా రాలేదు, కొంపాద్రె నుంచి వచ్చింది. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడే మనిషికీ, ఆ బిడ్డ కన్నతండ్రికీ మధ్య వరస అది. లాటిన్‌లో కొంపాతెర్, సహతండ్రి. గుడిలో పుట్టిన వరస ఇవాళ జీపు స్టాండ్‌లో కూడా నడుస్తోంది.

రాత్రి డెస్క్ · మంగళవారం, మధ్యాహ్నం 1:10

డాక్టర్ గారూ, చాలా విలువైన సంగతులు చెప్పారు. అయితే మన పాదిరి కూడా స్పానిష్ నుంచే వచ్చిందా?

పదాల వేట · మంగళవారం, మధ్యాహ్నం 2:45

రాలేదు. మనది పోర్చుగీసు ఓడలో వచ్చింది. దీనికి భాషలోనే ఒక సాక్ష్యం ఉంది.

స్పానిష్‌లో పాద్రె అంటే కన్నతండ్రి కూడా, గురువు కూడా. పోర్చుగీసులో అలా కాదు. అక్కడ కన్నతండ్రికి పయ్ అనే అరిగిపోయిన రూపం స్థిరపడింది. పాద్రె అనేది గురువుకి మాత్రమే మిగిలింది. మన దేశంలో ఏ భాష తీసుకున్నా, హిందీ, ఉర్దూ పాద్రీ, మరాఠీ పాద్రీ, బెంగాలీ పాద్రి, తమిళ, మలయాళ పాదిరి, మన పాదిరి, అన్నింటా గురువు అర్థం ఒక్కటే.

నిలువుగీత · మంగళవారం, సాయంత్రం 5:20

పదాల వేట గారూ, ముగింపు సరైనదే గానీ ఆ సాక్ష్యం నిలబడదు. దవావో డాక్టర్ గారు చెప్పిన పరి కూడా గురువు అర్థంలోనే ఉంది కదా? అది పక్కా స్పానిష్ అరువు. కన్నతండ్రికి ప్రతి భాషకీ సొంత మాట ఉంటుంది, దాన్ని ఎవరూ అరువు తెచ్చుకోరు. కొత్తగా కనపడిన మనిషికే కొత్త మాట కావాలి. కాబట్టి అర్థం ఆధారంగా ఏ భాషో తేల్చలేం.

తేల్చేది చరిత్ర. 1494 తోర్దెసిల్యాస్ ఒప్పందం, 1529 సరగోసా ఒప్పందం, ఈ రెండింటితో స్పెయిన్, పోర్చుగల్ కొత్త సముద్రాల్ని పంచుకున్నాయి. మన వైపు పోర్చుగల్‌ది. పోప్‌లు ఆ రాజులకు మత వ్యవహారాల పెత్తనం కూడా ఇచ్చారు. పోర్చుగీసువాళ్లు దాన్ని పాద్రొఆదో అన్నారు. ఆ మాట కూడా లాటిన్ పాతెర్ కుటుంబానిదే. ఇటువైపు వచ్చే గురువు ఏ దేశం వాడైనా లిస్బన్‌లో ఓడెక్కి గోవాలో దిగాలి. గోవాలో నడిచేది పోర్చుగీసు.

అక్బరు దగ్గరికి వెళ్లినవాళ్లని చూడండి. 1579లో అక్బరు గోవాకు రాయబారిని పంపి, మతం బాగా తెలిసిన పాద్రీలను పంపమని కోరాడు. 1580 ఫిబ్రవరిలో ముగ్గురు జెసూట్లు, అంటే యేసు సభ అనే కతోలిక సభవాళ్లు, ఫతేపూర్ సిక్రీ చేరారు. రుడోల్ఫో అక్వవీవా ఇటలీవాడు. ఆంతోని మొంసెరాతె కతలూన్యావాడు, అంటే స్పెయిన్ నేల. మూడో ఆయన ఫ్రాన్సిస్కో హెన్రికేస్ హోర్ముజ్ నుంచి వచ్చి మతం మారిన పారశీకుడు, దుబాసీ పని ఆయనదే. ముగ్గురిలో పోర్చుగల్‌లో పుట్టినవాడు ఒక్కడూ లేడు! తర్వాత వచ్చిన జెరోనిమో జేవియర్ స్పెయిన్ వైపు నవర్రా మనిషి. అంతకుముందు 1542లో గోవాలో దిగిన ఫ్రాన్సిస్ జేవియర్ కూడా నవర్రావాడే. అంటే పలికిన నోళ్లలో స్పెయిన్ నోళ్లూ ఉన్నాయి, ఓడ మాత్రం పోర్చుగల్‌ది. రెండు భాషల్లోనూ మాట అచ్చంగా ఒక్కటే కాబట్టి నిఘంటువులు తికమక పడుతున్నాయి.

ఆ రోజుల్లో అక్బరు ఆస్థానంలో ఉన్న బదాయూనీ తన చరిత్రలో ఇదంతా గిట్టనట్టుగానే రాశాడు. యూరప్ నుంచి పండితులైన సన్యాసులు వచ్చారనీ, వాళ్లని పాద్రీలంటారనీ, వాళ్లపైన పాపా (పోప్) అనే పెద్ద ఉన్నాడనీ రాశాడు. కొత్త మాటని పాఠకుడికి పరిచయం చేస్తున్న తీరు అందులో కళ్లకు కడుతుంది. వివరించి చెప్పాల్సి వచ్చిందంటే అప్పటికి ఉత్తరాదిలో అది ఇంకా కొత్తదన్నమాట. తర్వాత ఆగ్రాలో ఏకంగా పాద్రీ తోలా అనే పేటే వెలిసింది.

పదాల వేట · మంగళవారం, రాత్రి 8:05

నిలువుగీత గారి వాదన ఒప్పుకుంటున్నాను, ఓడ సాక్ష్యమే గట్టిది. దాని మీద ఇంకో మెట్టు.

మొదట్లో యూరప్‌లో పాద్రె అనే బిరుదు అందరు గురువులకీ లేదు. ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు, జెసూట్లు, ఇలా సభల్లో చేరి వ్రతాలు పట్టినవాళ్లకే. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాలె 1620ల్లో గోవా వచ్చినప్పుడు ఇక్కడ మామూలు గురువుల్ని కూడా పాద్రె అనడం చూసి వింతగా రాసుకున్నాడు. హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, 1886 నాటిది, దీనికి చక్కని కారణం చెబుతుంది. భారతదేశానికి మొదట వచ్చినవాళ్లు మఠవాసులే కాబట్టి ఇక్కడ జనానికి గురువు అంటేనే పాద్రె అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రొటెస్టెంట్లకీ అదే అంటుకుంది.

ఇందులో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. "భూమి మీద ఎవరినీ తండ్రి అని పిలవకండి" అని మత్తయి సువార్తలో ఉంది. ఆ వాక్యం చూపించే చాలామంది ప్రొటెస్టెంట్లు గురువుల్ని ఫాదర్ అనడం మానేశారు. అలాంటివాళ్లు మన తీరానికి రాగానే జనం వాళ్లని కూడా పాదిరి అనే అన్నారు, వాళ్లూ కాదనలేదు. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్ లూథరన్. ఆయన తమిళంతోపాటు పోర్చుగీసు కూడా నేర్చుకున్నాడు, ఎందుకంటే రేవుల్లో అందరికీ అర్థమయ్యే భాష అదే. 1698లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన చార్టర్‌లో, ఇక్కడికి వచ్చే చాప్లిన్ ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలన్న షరతు కూడా ఉంది. ఇంగ్లీషువాడి చర్చి గురువు పోర్చుగీసు నేర్చుకోవడం! సబ్బు, తువ్వాలు, అల్మారా, ఇస్త్రీ ఎలా మనింట్లోకి వచ్చాయో పాదిరి కూడా ఆ రేవు భాషలోనే వచ్చింది.

కంపెనీ కాలంలో బిషప్‌ను ఉత్తరాది నౌకర్లు లాట్ పాద్రీ అనేవాళ్లు. లాట్ సాహెబ్‌లో ఉన్న లాట్, ఇంగ్లీషు లార్డ్.

టోక్యో తెలుగు · మంగళవారం, రాత్రి 9:50

జపాన్ కథ లేకపోతే ఈ చర్చకు వెలితి.

ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో కగోషిమాలో దిగాడు. జపనీయుల నోట పాద్రె అనే మాట బతెరెన్ అయింది. వాళ్లకు రెండు హల్లులు కలిపి పలకడం కుదరదు, మధ్యలో అచ్చు చేర్చాల్సిందే. దాన్ని ధ్వనికి సరిపోయే మూడు చైనా అక్షరాలతో రాసేవాళ్లు. మఠ సోదరుడిని ఇరుమన్ అన్నారు, అది పోర్చుగీసు ఇర్మావ్.

1587లో జపాన్‌ను ఏలుతున్న హిదెయోషి పాద్రెలను దేశం వదిలి పొమ్మని ఉత్తర్వు ఇచ్చాడు. దాని పేరే 'బతెరెన్ బహిష్కరణ ఉత్తర్వు'. 1597లో నాగసాకిలో శిలువ వేసిన 26 మందిలో మనీలా నుంచి వచ్చిన స్పానిష్ ఫ్రాన్సిస్కన్లు ఉన్నారు. అప్పటికి పోర్చుగీసు జెసూట్లకీ స్పానిష్ ఫ్రాన్సిస్కన్లకీ మధ్య జపాన్ మాదంటే మాదని పోటీ నడుస్తోంది. అంటే రెండు దారుల్లోనూ వెళ్లిన పాద్రెలు అక్కడ కలుసుకున్నారు, కొందరు ఒకే కొండ మీద చనిపోయారు.

తర్వాత మతం పూర్తిగా నిషేధించారు. ఊరి కూడళ్లలో చెక్క పలకలు నిలబెట్టేవాళ్లు. 17వ శతాబ్దం చివరి నాటి పలకల మీద రేట్లు వరసగా ఉంటాయి. బతెరెన్‌ను పట్టిస్తే 500 వెండి నాణేలు, ఇరుమన్‌ను పట్టిస్తే 300. మ్యూజియంలో ఆ పలక ముందు నిలబడి, నల్లసిరాతో రాసిన అక్షరాల్లో బతెరెన్ అనే మాటని వెతికి చదివాను. తండ్రి అని ప్రేమగా పిలిచే బిరుదు తలకు వెల కట్టే మాటగా మారింది. ఆ పలకల్ని 1873లో తీసేశారు. ఇప్పటి జపాన్ కతోలికులు ఆ మాట వాడరు, గురువుని షింపు అంటారు. బతెరెన్ చరిత్ర పుస్తకాల్లోనే మిగిలింది.

కడలూరు కోడలు · బుధవారం, ఉదయం 7:25

మా అత్తగారి ఊరు కడలూరు. అక్కడ తిరుప్పాదిరిపులియూర్ అనే పేట ఉంది, రైల్వే స్టేషన్‌కి కూడా అదే పేరు. పాదిరులు ఉండేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చిందని మా బంధువుల్లో ఒకాయన గట్టిగా చెబుతాడు. నిజమేనా?

నిలువుగీత · బుధవారం, ఉదయం 8:40

కాదమ్మా. తమిళంలో పాదిరి అంటే పాటల వృక్షం, సంస్కృతంలో పాటలి అనేదే. అక్కడి శివాలయపు స్థలవృక్షం అది. 7వ శతాబ్దంలో శైవ భక్త కవి అప్పర్ ఆ గుడి మీద తేవారం అనే భక్తి పాటలు పాడాడు. రాయి కట్టి సముద్రంలో పడేస్తే తేలి ఆ ఒడ్డుకే చేరాడని కథ కూడా చెబుతారు. వాస్కో ద గామా కళ్లికోట చేరింది 1498లో. ఎనిమిది వందల ఏళ్ల ముందే ఆ పేరుంది. చెట్టు పాదిరి, గురువు పాదిరి పలకడానికే ఒకటి, పుట్టుకలో ఏ సంబంధమూ లేదు.

ఇలాంటిదే సుమత్రాలో ఒకటుంది, అది మాత్రం తెగని వివాదం. అక్కడి మినంగ్‌కబావు ప్రాంతంలో 19వ శతాబ్దం తొలి నాలుగు దశాబ్దాల్లో పద్రీ యుద్ధాలు జరిగాయి, డచ్చివాళ్లు కూడా దిగారు, 1837లో ఇమాం బొంజోల్ పట్టుబడ్డాడు. పద్రీలంటే మక్కా వెళ్లి వచ్చి మతాచారాల్ని కఠినం చెయ్యాలన్న ముస్లిం పండితులు. పాద్రె అనే మాట మలయ్‌లో మతగురువు అనే అర్థంలో స్థిరపడి వీళ్లకీ అంటుకుందని కొందరంటారు. హజ్‌కు ఓడెక్కే పెదిర్ రేవు పేరు మీద వచ్చిందని ఇంకొందరు. మొదటిదే నిజమైతే లాటిన్ క్రైస్తవ బిరుదు ఇస్లాం సంస్కర్తల దాకా వెళ్లినట్టు. నాకు రేవు వాదన వైపే మొగ్గుంది, కానీ ఒట్టేసి చెప్పలేను.

మాజీ సుబేదార్ · బుధవారం, ఉదయం 10:15

సైన్యంలో ఈ మాట ఇప్పటికీ అధికారిక పదవి పేరు. భారత సైన్యంలో రిలీజియస్ టీచర్ అనే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) కేడర్ ఉంది. నాయబ్ సుబేదార్ హోదాలో తీసుకుంటారు. నోటిఫికేషన్‌లో పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ అని విడివిడిగా ఖాళీలు రాస్తారు. పాద్రీ పోస్టుకి గురుపట్టం పొంది ఉండాలి, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో పేరుండాలి. యూనిట్‌లో సర్వ ధర్మ స్థల్ ఉంటుంది, అన్ని మతాలకూ ఒకే కప్పు కింద చోటు. కతోలికుడా, సీఎస్‌ఐయా (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టా అని మేమెవరం అడిగేవాళ్లం కాదు. పాద్రీ సాబ్ అంటే పాద్రీ సాబే. ఎవరికి కష్టం వచ్చినా వింటారు.

బ్రిటిష్ సైన్యంలోనూ చాప్లిన్ ఏ శాఖవాడైనా పాద్రె అనే అంటారు. ఆ అలవాటు ఇక్కడ పనిచేసిన పటాలాల నుంచే అక్కడికి వెళ్లిందని మాకు చెప్పేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్ల మధ్య తిరుగుతూ వుడ్‌బైన్ సిగరెట్లు పంచిన స్టడర్ట్ కెనెడీ పాద్రెనే, ఆయన ఆంగ్లికన్. సిపాయిలు ఆయన్ని వుడ్‌బైన్ విల్లీ అన్నారు.

టెక్సాస్ తెలుగువాడు · బుధవారం, సాయంత్రం 6:30

మా వైపు మాట అచ్చంగా స్పానిష్‌దే. సెలవులకి మనవాళ్లు వెళ్లే పాద్రె ఐలాండ్, పాద్రె నికొలాస్ బయీ అనే గురువు పేరు మీద వచ్చింది. ఆ దీవి మీద ఆయనకు పశువుల మంద, వాటిని పెంచే రాంచ్ ఉండేవి. కాలిఫోర్నియాలో 1769లో హునీపెరో సెర్రా శాన్ డియేగోలో మొదటి మిషన్ పెట్టాడు. అక్కడి బేస్‌బాల్ జట్టు పేరు పాద్రేస్, వాళ్ల బొమ్మ బ్యాట్ ఊపుతున్న బట్టతల సన్యాసి. నాతో పనిచేసే మెక్సికో మిత్రులు ఏదైనా బాగా నచ్చితే 'కె పాద్రె' అంటారు, 'అదిరింది' అన్నట్టు.

గువామ్ దీవిలో చమోరో భాషలో గురువుని పాలె అంటారని అక్కడ నేవీలో పనిచేసినాయన చెప్పాడు. 1668లో స్పెయిన్ నుంచి సాన్ వితొరేస్ అనే జెసూట్ వెళ్లి మిషన్ పెట్టాడట. ఫిలిప్పీన్స్‌లో 'ర' మిగిలింది, అక్కడ 'ల' అయింది.

తరగతి గది · బుధవారం, రాత్రి 8:20

మా పాప డాన్ బాస్కో స్కూల్‌లో చదువుతోంది. డాన్ అనేది ఆయన పేరా, బిరుదా? సినిమాల వల్ల డాన్ అంటే ఇంకేదో గుర్తొస్తోంది పిల్లలకి.

పదాల వేట · బుధవారం, రాత్రి 9:00

బిరుదే. ఆయన పేరు జొవాన్ని బాస్కో, తూరిన్‌లో వీధి పిల్లల కోసం పనిచేశాడు, 1815 నుంచి 1888 దాకా జీవించాడు. లాటిన్ దోమినుస్, అంటే ప్రభువు, యజమాని. అది అరిగి దోన్ అయింది. నేను పైన చెప్పిన తేడా ఇక్కడే కనపడుతుంది. ఇటలీలో మఠవాసి అయితే పాద్రె, మామూలు గురువు అయితే దోన్. ఆయన గురుపట్టం పొందినప్పుడు మామూలు గురువే, అందుకే దోన్ బాస్కో. స్పెయిన్‌లో అదే దోన్ దొరల ముందు చేరింది. సినిమా డాన్ కూడా ఆ దోమినుస్ వారసుడే, పెద్దమనిషిని గౌరవంగా పిలవడం నుంచి వచ్చింది.

రాత్రి డెస్క్ · గురువారం, మధ్యాహ్నం 12:30

అందరికీ ధన్యవాదాలు. మా సీనియర్ గారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయన అడిగిన ప్రశ్న ఇదీ: పాదిరి అనేది వందల ఏళ్లుగా ఇక్కడ ఉంటే కతోలికులు గురువులు అనే సంస్కృత మాట ఎందుకు పట్టుకున్నారు?

గుణదల వాసి · గురువారం, మధ్యాహ్నం 3:15

దీనికి జవాబు మదురైలో ఉంది. 1606లో అక్కడికి రొబెర్తో ద నోబిలి అనే ఇటలీ జెసూట్ వచ్చాడు. అప్పటికి తీరంలో పోర్చుగీసు పాద్రె అంటే పరంగివాడనే పేరు పడిపోయింది. మాంసం తింటారు, సారా తాగుతారు, ఆచారం లేదు అని మంచి కుటుంబాలవాళ్లు గుమ్మం తొక్కనిచ్చేవాళ్లు కాదు. నోబిలి కాషాయం కట్టాడు, శాకాహారి అయ్యాడు, సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకున్నాడు. మదురై నాయకులు తెలుగువాళ్లు కదా. నేను పరంగిని కాదు, సన్యాసిని, గురువుని అన్నాడు. తర్వాత 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్లు మన సీమ వైపు వచ్చినప్పుడు కూడా సన్యాసుల వేషంలోనే తిరిగారు. గురువు, పూజ, ప్రసాదం అనే మా ఇంటి భాషకు పునాది అలాంటి పద్ధతే.

దీని వల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. కులం తేడాల్ని వాళ్లు అలాగే వదిలేశారన్న విమర్శ అప్పుడే వచ్చింది, రోమ్ దాకా వెళ్లింది. ఆ విమర్శలో నిజముందని నేనూ అనుకుంటాను. ఇవాళ ఈ గురువులు అనే గౌరవపు మాట పక్కనే ఆ చరిత్ర కూడా ఉందని మా పిల్లలకు చెప్పాలి.

మీ డెస్క్‌కి పనికొచ్చేది చెబుతాను. కతోలిక గురువు అయితే ఫాదర్ లేదా గురువు అని రాయండి. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో గురుపట్టం ఉన్నవాళ్లయితే రెవరెండ్, ఊళ్లో వాళ్లని అయ్యగారు అంటారు. స్వతంత్ర సంఘాలు, పెంతెకోస్తు అయితే పాస్టర్, ఆ మాటకు లాటిన్‌లో గొర్రెల కాపరి అని అర్థం, అందుకే సంఘకాపరి అంటారు. ఏ సంఘమో తెలియకపోతే విలేకరికి ఒక్క ఫోన్ చెయ్యండి, నిమిషం పని.

రాత్రి డెస్క్ · గురువారం, సాయంత్రం 4:05

ఇది ప్రింట్ తీసి డెస్క్ దగ్గర అతికించాను. చరిత్ర వ్యాసాల్లో, పోర్చుగీసు, కంపెనీ కాలం గురించి రాసేటప్పుడు మాత్రం పాదిరి అనే రాస్తాం, అక్కడ అదే సరైన మాట.

మంగుళూరు పెద్దమ్మ · గురువారం, రాత్రి 7:45

ఆలస్యంగా చూశాను. మాది కొంకణి మాట్లాడే కతోలిక కుటుంబం, పెళ్లయి హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాను. మా ఇంట్లో పాద్రి అనేది ఇప్పటికీ లోపలి మాటే. ఎదురుగా పడితే పాద్ర్యాబ్ అని గౌరవంగా పిలుస్తాం. విచారణ గురువు పాద్ విగార్. సిస్టర్‌లని మాద్రి అంటాం, అది లాటిన్ మాతెర్ నుంచి. పండక్కి ఇంటికొస్తే పాద్రికీ మాద్రికీ ఒకే బల్ల మీద భోజనం వడ్డిస్తాం. గుణదలవాళ్లకి బయటి మాటైంది మాకు రోజూ నోట్లో ఆడే మాట. రాత్రి డెస్క్ గారూ, గోవా, మంగుళూరు వార్త ఏదైనా వస్తే అక్కడ పాద్రి అని నిస్సంకోచంగా రాయండి.